దయ్యం సినిమాకు కట్టిన నిమ్మకాయ

నేను నల్లగొండల డిగ్రీ చదివేటప్పుడు ఓ దయ్యం సినిమా నాలుగో భాగం వచ్చింది. మొదటిది చూసి నాకు జ్వరమొచ్చిందని, ఈసారి మా అవ్వ మంత్రించిన నిమ్మకాయ కొంగున కట్టి పంపింది.

తెర మీద దయ్యం తన చీర తనే తొక్కి బోర్ల పడ్డది. హాలంత నవ్వుడే. నాకైతే కూసున్నకాడ కుదురు లేదు. గిందుకా ఇన్నొద్దులు ఎదురుచూసింది?

ఇంటర్వెల్‌ల నా దోస్తు షాహీన్, "గీ దయ్యానికి నిమ్మకాయ దండుగ" అని దాన్ని సోడాల పిండిచ్చింది. ఇద్దరం తాగినం.

పొద్దుగూకంగ ఇంటికొస్తుంటే చెయ్యి ఊకె కొంగు ముడికే పోతాంది. సినిమాల రాని భయం అప్పుడు పట్టుకుంది. ఉరికొచ్చిన.

అవ్వ గడపలనే ఆపింది. "నిమ్మకాయేదే?"

"తాగినం."

"గాలీధూళీ గుంజుకునేదాన్ని కడుపుల పోసుకున్నరా!"

తెల్లారేదాక కడుపు తడుముకుంటనే ఉన్న.

ఐదో భాగమొచ్చినప్పుడు అవ్వ రెండు నిమ్మకాయలిచ్చింది. "ఒకటి కట్టుకో. ఒకటి తాగుండ్రి."