సబ్బు నల్లబడ్డాక

గుండె మీద రాయంత బరువు పెట్టుకుని ఇన్నేళ్లు బతికాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. మూడో తరగతితో చదువు ఆగినదాన్ని. ఎలా వస్తే అలా రాస్తున్నాను.

మా మరిది సన్యాసి ఉక్కు ప్లాంటులో రేకుల పని చేసేవాడు. ప్లాంటు కొత్తగా లేచిన రోజులు. పనివాళ్ల బస్తీ క్యాంప్ 1లో అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. బొమ్మలో చూసిన విదేశీ పందెం కారులాంటిది కావాలని ఒక కాంట్రాక్టరుకు కోరిక పుట్టింది. పాత జీపు చట్రం మీద దాని పైరేకుల బాడీ అంతా చేత్తో కట్టే పని సన్యాసికి ఇచ్చాడు. డ్యూటీ దిగాక పెరట్లో ఇసుక నింపిన తోలుసంచి మీద అల్యూమినియం రేకు పెట్టి, చెక్కసుత్తితో కొట్టి వంపు తెచ్చేవాడు. కొట్టేకొద్దీ రేకు గట్టిపడుతుంది. మళ్లీ మెత్తబడాలంటే సబ్బు రాసి కాల్చాలి. సబ్బు నల్లబడగానే దించెయ్యాలి. ఆలస్యమైతే రేకు పాడవుతుంది.

కాల్చే పని నేనే అడిగి తీసుకున్నాను. వంటయ్యాక పొయ్యిలో మిగిలిన నిప్పు ఊరికే పోతే నాకు నచ్చదు.

“నువ్వు వొంటికైనా ఇంత సబ్బు రాసుకోవు గదా వొదినా,” అని నవ్వి, బానెట్టు రేకు ఇచ్చి డ్యూటీకి పోయాడు.

రేకు పొయ్యి మీద ఉండగా వీధి కుళాయిలో నీళ్లొచ్చాయి. బిందెతో పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి సబ్బు ఆనవాలే లేదు. రేకు ఒక అంచున గరుకు తేలి వాలిపోయింది. అప్పుడే చెప్పెయ్యవచ్చు కదా? అగ్గిపుల్ల దండగ చేసినా ఇంటిల్లిపాదినీ తిట్టే నేను, పరాయివాడి రేకు తగలబెట్టానని ఏ నోటితో చెప్పను అనుకున్నానే తప్ప, ఆ రేకు రేపు ఎవరి ప్రాణం మీదికి వస్తుందో ఆలోచించలేదు. బూడిదతో తోమాను. అంచు సరిచేశాను. మళ్లీ సబ్బు రాసి, నల్లబడేదాకా వెచ్చబెట్టి, గోడకు ఆనించాను.

మర్నాడు కీలు దగ్గర వెంట్రుకంత గీత పడింది. సన్యాసి సుత్తి ఆపాడు.

“ఇదేటి వొదినా, రేకు ఇలగ పెళుసుగుంది? ఎక్కువ కాలిపోనేదు గదా?”

“నాకేటి తెలుసు? నల్లబడగానే దించీసినాను. నువ్వే గట్టిగా కొట్టీసుంటావు.”

తన చేతులు చూసుకున్నాడు. “అయ్యుంటాది,” అన్నాడు.

గీతను అతికించి, పైన ఎర్ర రంగు వేశారు. రంగు కింద అది ఎక్కడుందో నాకు తెలుసు. కాంట్రాక్టరు తనే నడుపుతూ కారు బయలుదేరిన రోజు వీధంతా చప్పట్లు కొట్టింది. గుమ్మంలో నిలబడి నేను ఆ చోటే చూస్తున్నాను. ఆపమని ఒక్క మాట అనలేదు.

పక్క ఊరికి పోయే దుర్గ్ రోడ్డులో వేగం అందుకోగానే బానెట్టు కీలు దగ్గర తెగి పైకి లేచి, ముందు అద్దాన్ని పగలగొట్టింది. కాంట్రాక్టరుకు ఒక కన్ను పోయింది. తన దెబ్బే ఎక్కువైందని సన్యాసి అందరి ముందూ ఒప్పుకున్నాడు. మళ్లీ చెక్కసుత్తి ముట్టలేదు. ప్లాంటులో కూడా అడిగి వేరే పనికి మారిపోయాడు.

ఇప్పుడు ఇక్కడికి దగ్గరే, కోహ్కాలో ఉంటాడు. మొన్న నా మనవరాలు సొట్టపడిన గిన్నె బాగుచెయ్యమని తీసుకెళ్తే, “నా చేతికియ్యకమ్మా, పగిలిపోద్ది,” అన్నాడట. పిల్ల నవ్వుతూ చెప్పింది. నేను లోపలికి వెళ్లి తలుపేసుకున్నాను.

అతనికి ఎప్పుడు చెబుతాను? అసలు చెబుతానా? తెలియదు. ఆ రేకు కాల్చింది నేను. బూడిదతో తోమి దాచింది నేను. రాయడం అలవాటు లేక వేళ్లు నొప్పెడుతున్నాయి. ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది.