ఊకబూడిద కాంక్రీటు, ఒక బకెట్ నీళ్ళు

మా మేనకోడలు శారద గోపన్‌పల్లిలో ఒక అపార్టుమెంటు నిర్మాణానికి ఇంజనీరు. సిమెంటు కొంత తగ్గించి, ఆ మేరకు బియ్యపు మిల్లుల ఊకబూడిద కలిపి కాలిబాటలు వేయించాలని ఆమె సంకల్పం. సిమెంటు కోసం సున్నపురాయిని కాల్చినప్పుడు వెలువడే కర్బన వాయువు ఆ మేరకు తగ్గుతుందట. "నమూనా దిమ్మలు పోసి రేపటికి ఇరవై ఎనిమిది రోజులు, మామయ్యా. రేపే వాటిని యంత్రంలో నొక్కి చూస్తాం. అవి బరువుకు ఆగకపోతే యజమాని ఇక బూడిద మాటే ఎత్తనివ్వరు" అన్నది ఫోనులో. ఊకబూడిద అనగానే, తణుకు దగ్గరి మా చిన్ననాటి ఇంట్లో అమ్మ దానితో తోమిన ఇత్తడి చెంబుల మెరుపు కళ్ళముందు నిలిచింది. వెళ్ళకుండా ఉండలేకపోయాను.

మర్నాడు ఉదయం ఏడున్నరకు మదీనాగూడలో ఆటో ఎక్కాను. లింగంపల్లి, నల్లగండ్ల మీదుగా ముప్పావు గంట ప్రయాణం, కిరాయి రెండు వందల యాభై. గోపన్‌పల్లిలో చూడడానికి ఏముందని డ్రైవరు అడిగితే, కాంక్రీటు చూడబోతున్నానన్నాను. అతడు అద్దంలోంచి నన్ను పరిశీలనగా చూశాడు. "కాంక్రీట్ కోసం గింత దూరమా సారూ? మీ ఇంటి ముంగట లేదా ఏంది?"

రేకుల షెడ్డులో యంత్రం కింద మూడు దిమ్మలను ఒకదాని తరువాత ఒకటి నొక్కారు. మూడూ తట్టుకోవలసిన బరువుకు చాలా ముందే పగిలిపోయాయి. శారద బూడిద పనికిరాదని నివేదిక రాయడానికి కాగితం తీసుకుంది. మేస్త్రి యాదయ్య, తల నెరిసిన మనిషి, పగిలిన ముక్కలవైపే చూస్తూ నిలబడ్డాడు.

ఆమె మనసు మళ్ళించాలని, టీ తాగుతూ నా చిన్నప్పుడు తణుకు దగ్గర మా ఇల్లు కట్టిన రోజుల సంగతి చెప్పాను. సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపేవారు. ఎద్దు తిప్పే సున్నపు గానుగ పక్కన కూర్చుని నేను పద్యాలు వల్లించేవాణ్ణి. ఆ నీళ్ళ కుండను పెద్దమేస్త్రి తప్ప మరెవరూ ముట్టరాదు. గోడ బీటవారితే ఆయన సున్నాన్ని నిందించేవాడు కాడు, కుండ ఎవరు ముట్టారని అడిగేవాడు.

యాదయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

"నేనే ముట్టిన, మేడమ్. బూడిద నీళ్ళు గుంజుకుంటదని నాకేం ఎరుక? కలిపిన మాలు గట్టిగుంది, పార ఆడుతలేదని ఓ బకెట్ ఎక్కువ పోసిన. రోజూ గట్లనే పోస్తం."

శారద కలానికి మూత పెట్టింది. "నీళ్ళు ఎక్కువైతే కాంక్రీటుకు బలం ఉండదు. ఇంకో పది నిమిషాలైతే బూడిదదే తప్పని రాసేసేదాన్ని, యాదయ్యగారూ."

ఆ కాగితం మడిచి, యజమానికి ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన సణిగి, ఇంకొక్కసారి దిమ్మలు పోయడానికి మాత్రమే ఒప్పుకున్నాడు. పదకొండు గంటలకు మళ్ళీ కలిపారు. యాదయ్య బకెట్ లోపల శారద చెప్పిన కొలత దగ్గర మేకుతో గీత గీసి, సాయానికి వచ్చిన కూలీతో "జర దూరముండు, ఇయ్యాల ఇది నా చేతిలనే ఉంటది" అన్నాడు.

భస్మం సమస్తానికీ అంతమని చదువుకుంటూ పెరిగినవాణ్ణి. అమ్మ చేతిలో అది మెరుపైంది. ఇక్కడ రాయి అవుతుందో లేదో ఇంకా తెలియదు. తిరుగు ప్రయాణంలో మా పెద్దమేస్త్రి పేరు గుర్తు తెచ్చుకోవాలని ఎంతో ప్రయత్నించాను, రాలేదు. ఆ కుండ మీద కప్పిన తడిగుడ్డ మాత్రం స్పష్టంగా కనిపించింది.

మీరూ ఇటువంటి పని చూడదలిస్తే ముందుగా అనుమతి తీసుకుని, ఆఫీసుల రద్దీకి ముందే చేరుకోండి. దిమ్మలు పగిలే రోజున కాదు, నీళ్ళు కలిపే రోజున వెళ్ళండి.