హాజరు యాప్‌కు ముఖం చూపించిన నెల

ఒక మనిషి నెల రోజుల పాటు వేళ తప్పకుండా కాలేజీకి వెళ్ళి, అరిచి అరిచి పాఠాలు చెప్పి, నెలాఖరుకు అసలు కాలేజీ గడపే తొక్కనివాడిగా తేలడం మీరెక్కడైనా విన్నారా? వినకపోతే ఇటు తిరగండి. ఆ ఘనకార్యం చేసింది నేనే.

నాకు పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. మాది వెలిగండ్ల పక్క పల్లె. మార్కాపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో హిస్టరీ లెక్చరరుగా చేరాను. మొదటి మూడు నెలల్లో హాజరు తగ్గితే ఇంటికే. ఇంటర్వ్యూలో "సాయానికి ఎవరినైనా పెట్టమంటారా సార్?" అని ప్రిన్సిపాల్ అడిగితే, "నాకు ఎవరి సాయమూ అక్కర్లేదు, నా ఫోను చాలు" అని మీసం మెలేశాను. మీసం లేదనుకోండి, అయినా మెలేశాను.

ఆ ఫోను, తెర మీద వేలు పెట్టిన చోట ఏముందో చదివి వినిపిస్తుంది. కాలేజీలో హాజరు కూడా ఫోన్లోనే. యాప్ తెరిచి, ముఖం చూపించి, బటన్ నొక్కాలి. చేరిన వారం "ఫోటో తీయి, బటన్" అనీ, "హాజరు పడింది" అనీ ఫోను చక్కగా చెప్పింది. ఒకటో తేదీన ఆ యాప్ తయారుచేసిన మహానుభావులు దాన్ని మరింత అందంగా మార్చారు. ఎంత అందమంటే, మా ఫోనుకు నోట మాట పడిపోయింది. "బటన్" అంటుంది. వేలు పక్కకు జరిపితే మళ్ళీ "బటన్" అంటుంది. దేనికి బటనో చెప్పదు. గుడ్డెద్దు చేలో పడితే దానికి కాస్త మేతైనా దొరుకుతుంది. నేను పడింది యాప్‌లో.

ఎవరినైనా అడగొచ్చు కదా అంటారా? అడగందే అమ్మైనా పెట్టదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ అంత గొప్పలు పోయినవాడు ఏ మొహంతో అడుగుతాడు? నాకు నేనే ఒక శాస్త్రం కట్టుకున్నాను: మొదటి బటన్ నొక్కితే కెమెరా తెరుచుకుంటుంది, రెండోది నొక్కితే ఫోటో పడుతుంది. రెండోది నొక్కగానే "టక్" మని చప్పుడు వచ్చేది. ఇంకేం కావాలి!

రోజూ పొద్దున్నే ప్రహరీ గోడ మూల, పలకరాళ్ళ కుప్ప దగ్గర నిలబడి, తల దువ్వుకుని, ఫోను ఎత్తి పట్టుకుని నవ్వేవాణ్ణి. చేరినప్పుడు తీసిన ఫోటోలో నవ్వాను కాబట్టి, ఇప్పుడు నవ్వకపోతే గుర్తుపట్టదేమోనని భయం. "సరిపోయిందా? ఇంకాస్త దగ్గరికి రానా?" అని ఫోనును బతిమాలేవాణ్ణి కూడా.

ఆ సమయంలో ఎవరివో అడుగులు దగ్గరికి వచ్చేవి, కాసేపు ఆగేవి, మళ్ళీ వెనక్కి పోయేవి. గుడ్డిసారును వింతగా చూసి పోతున్నారనుకునేవాణ్ణి. స్టాఫ్ రూములో నేను అడుగు పెట్టగానే మాటలు సన్నబడేవి. సాయంత్రం అద్దెగదిలో నాతో మాట్లాడేది మళ్ళీ ఆ ఫోనొక్కటే. నిజం చెప్పొద్దూ, చాలా ఒంటరిగా ఉండేది. ఒక మనిషి గొంతు వినాలని కరెంటాఫీసుకు ఫోన్ చేసి "కరెంటు ఉందాండీ?" అని అడిగిన రోజులున్నాయి. నెత్తిమీద ఫ్యాను తిరుగుతూనే ఉండేది.

నెలాఖరున ప్రిన్సిపాల్ పిలిపించారు.

"ఏంది సార్ ఇది? నెలంతా ఒక్క దినం గూడా రాలేదంట!"

"రోజూ వచ్చినా సార్! పిల్లోళ్ళను అడగండి. హాజరు గూడా ఏసినా!"

"పిల్లోళ్ళు చెప్తారు, నేనూ చెప్తా. కానీ యాజమాన్యం చూసేది ఈ కాగితమే గదా? ఇట్లయితే మిమ్మల్ని ఉంచరు."

ఊరంతా చెప్పుకుని మురిసిపోతున్న మా నాయనకు ఏమని చెప్పాలి?

ప్రిన్సిపాల్ కంప్యూటర్లో నా పేరు మీదున్న ఫోటోలు తెరిచారు. "అన్నిట్లో 'ఈ ముఖం మీది కాదు' అని ఎర్రక్షరాలు పడినాయి సార్. మొదటి బటన్ నొక్కితే కెమెరా అవతలికి తిరుగుతాది. మీరు నెల దినాలు ఎదురుగా ఉన్నదాన్ని ఫోటో తీసినారు!"

"మరి ఎవరి ముఖం సార్ అది?"

"ఉండండి... మన జువాలజీ యేసురత్నం! ఈ ఫోటోలోనూ ఉన్నాడు. దీంట్లోనూ ఉన్నాడే! చేతిలో రెండు టీ గ్లాసులు."

యేసురత్నం సారును పిలిపించారు. ఆయన నసుగుతూ చెప్పారు.

"రోజూ మీకొకటి, నాకొకటి తెచ్చినా సార్. మీరేమో ఫోన్లో నవ్వుతా, 'ఇంకాస్త దగ్గరికి రానా' అంటా ఉంటిరి. పెండ్లి కుదిరిన పిల్లతో మాట్లాడుతున్నారనుకున్నా. మధ్యలో వస్తే బాగుంటాదా? నిలబడి నిలబడి, చల్లారినాక రెండూ నేనే తాగినా. స్టాఫ్ రూములో గూడా సారును సతాయించొద్దండని అందరికీ చెప్పినా."

ప్రిన్సిపాల్ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. నాతో మాట్లాడే మనిషే లేడని నేను కుమిలిపోయిన నెలంతా, ఒక మనిషి నాలుగడుగుల దూరంలో టీ పట్టుకుని నిలబడ్డాడు.

ఉద్యోగం పోలేదు. ఫోటోలు తీసింది నా ఫోనే, వాటిలో ఉన్నది మా కాలేజీయేనని ప్రిన్సిపాల్ యాజమాన్యానికి రాశారు. యాప్‌వాళ్ళకు నేనే ఫిర్యాదు రాశాను. పంపబోతే, ముందు నేను మనిషినని రుజువు చేసుకోవడానికి బస్సులున్న బొమ్మలు ఏరమన్నారు. ఫిర్యాదు ఇంకా నా దగ్గరే ఉంది.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట తెలియని బటన్ ఏది తగిలినా సొంత శాస్త్రం కట్టను. "యేసురత్నం సారూ, ఒక్కసారి ఇట్ల రాండి!" అని కాలేజీ అదిరేట్టు కేకేస్తాను. ఆయన తెచ్చిన టీ వేడిగా ఉండగానే తాగుతాను.