చాచా వేలికి అల్లుడి ఉంగరం

పెళ్ళిచూపుల్లో నేను మొదట చూసింది ఆయన ముఖం కాదు, చేతులు. తల ఎత్తితే పక్కన కూర్చున్న అమ్మ గిల్లుతుందని తెలుసు కాబట్టి బుద్ధిగా వంచుకునే కూర్చున్నాను. వంచిన తలకు ఎదురుగా రెండు చేతులు, వాటిలో చాయ్ కప్పు. వేళ్ళ మొదట్లో కాయలు కాచి ఉన్నాయి. అబ్బాయి మేడ్చల్‌లో బస్సు డ్రైవర్ అని ముందే చెప్పారు, అవి స్టీరింగ్ పట్టి పట్టి కాచిన కాయలని నాకు నేనే అర్థం చేసుకున్నాను. చాయ్ అయిపోయాక కప్పు ఎవరికివ్వాలో తెలియక చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు పాపం. నాకు అప్పుడే నచ్చేశాడు.

ఇది తొంభైల చివరి సంగతి. మాది అలియాబాద్. సంబంధం ఖాయమయ్యాక ఇంట్లో పెళ్ళిపనులు జోరుగా మొదలయ్యాయి గానీ, ఒక్క దాంట్లోనూ నా మాట అడిగినవాళ్ళు లేరు. చీరలు అమ్మ చూసింది, పందిరీ వంటలూ నాయిన మాట్లాడుకున్నాడు. అన్నిటికీ గంగిరెద్దులా తలూపాను. పెళ్ళికొడుక్కి పెట్టే ఉంగరం మాట వచ్చేసరికి మాత్రం, "అది నేను సూస్త నాయినా" అన్నాను. తింటున్న నాయిన చేతిలో ముద్ద అట్లాగే ఆగిపోయింది.

"పెండ్లికొడుకు ఉంగరం పెండ్లిపిల్ల తెచ్చుడేంది? గది మొగోళ్ళు పొయ్యి తెచ్చేది."

"పెట్టుకునేది ఆయన, సూసుకునేది నేను. నడుమ మొగోళ్ళకేం పని?"

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నా పంతానికి కారణం ఉంది. మా ఇళ్ళల్లో మగవాళ్ళ పెళ్ళి ఉంగరాలు వేళ్ళ మీద బతకవు, బీరువాల్లో బతుకుతాయి. నాయినకు అమ్మవాళ్ళు పెట్టిన ఉంగరం జామపిందె అంత ఉంటుంది. మీద ఎర్రరాయి, రాయి చుట్టూ ఆకులూ తీగలూ. అది వేలికి ఉంటే గడ్డపార పట్టలేడు, అన్నం కలపలేడు. పెళ్ళయిన మూడోనాడే తీసి బీరువాలో పెట్టారట. చుట్టాల పెళ్ళిళ్ళప్పుడు కలరా ఉండల వాసనతో బయటికి వస్తుంది, మళ్ళీ లోపలికి పోతుంది. నేనిచ్చే ఉంగరానికి ఆ గతి పట్టకూడదు. అది పొద్దున స్టీరింగ్ మీద ఉండాలి, రాత్రి అన్నం పళ్ళెం మీద ఉండాలి. ఆయన ఏ ఊరి దారిలో బస్సు తోలుతున్నా, నాదంటూ ఒకటి ఆ చేతిని పట్టుకుని ఉండాలి. ఇంత మాట నాయినతో అంటే సిగ్గు లేదా అంటాడు. అందుకని, రాళ్ళూ రప్పలూ లేని సాదా ఉంగరమైతే డ్రైవర్ పనికి అడ్డం రాదని మాత్రం చెప్పాను.

అసలు చిక్కు కొలత దగ్గర వచ్చింది. వియ్యాలవారిని అడిగితే ఒక్క మాటలో అయిపోయేదే. కానీ నాయిన అడగనంటే అడగనన్నాడు. "కొలతడిగితే ఎసొంటిది తెస్తున్నరు, ఎక్కడ తెస్తున్నరు అని మొదలుపెడ్తరు. మనం పెట్టేది మనం పెడ్తం, అంతే" అన్నాడు. అడగడు సరే, రేపు పందిట్లో అందరి ముందూ ఉంగరం వేలికి దిగకపోతే? మా చుట్టాల్లో ఒక పెళ్ళిలో అట్లాగే సగంలో ఆగిపోయిందట. ఆ పెళ్ళికొడుకు పేరు మరిచిపోయినవాళ్ళు కూడా ఆ ఉంగరం సంగతి మాత్రం నిన్న చూసినట్టు చెబుతారు.

అప్పుడు ముందుకొచ్చినవాడు చాచా. మా చేను పక్క చేను ఆయనది. ద్రాక్షతోటలు గుత్తకు పట్టి కాయ అమ్ముతూ ఊళ్ళన్నీ తిరిగేవాడు, మా సంబంధం తెచ్చింది కూడా ఆయనే. నాయినను పటేలా అని పిలిచేవాడు, నన్ను బేటీ అనేవాడు. "ఖాయం చేసుకున్నరోజు పిలగాని చెయ్యి పట్టుకున్న గద. అచ్చం నా చెయ్యి లెక్కనే ఉన్నది. నా వేలికి పడితే ఆయన వేలికి పడ్డట్టే" అన్నాడు. అంత నమ్మకంగా చెప్పాక ఇంక కాదనేదెవరు? మర్నాడే ముగ్గురం మేడ్చల్ బజారుకు బయలుదేరాం. నాకు కాళ్ళు భూమ్మీద ఆనలేదు.

బంగారం దుకాణంలో సేటు ముందు పరుపు మీద కూర్చున్నాం. చాచా తన వేలికి ఉన్న వెండి ఉంగరం తీసి ఎడమ గుప్పిట్లో పెట్టుకుని, కుడిచేయి ముందుకు చాపాడు. వాళ్ళ మతంలో మగవాళ్ళకు బంగారం కూడదు, పుట్టి బుద్ధెరిగి ఆయన పెట్టుకున్నవాడు కాదు. సేటు ఒక్కో ఉంగరం తొడుగుతుంటే సూది వేయించుకునేవాడిలా కళ్ళు మూసుకున్నాడు.

"మా మజహబ్‌ల మొగోళ్ళకు బంగారం మనా సేట్. గిది కొలతకే. జల్దీ తియ్యి."

"మరి పెట్టుకునేదెవరు?"

"మా అల్లుడు."

సేటు చాచా గడ్డం చూశాడు, నాయిన ధోవతి చూశాడు, నన్ను చూశాడు. ఎవరి అల్లుడో తేల్చుకోలేక ఇంకో ఉంగరం అందుకున్నాడు.

నాయిన కన్ను అప్పటికే ఒక దాని మీద పడింది. పులితల ఉంగరం. పులికి కళ్ళ బదులు రెండు ఎర్రరాళ్ళు. "గిది పెడితే పందిట్ల చివర కూసున్నోనికి గూడ కనపడ్తది" అన్నాడు మురిసిపోతూ. నా ప్రాణం ఉసూరుమంది. అంతలో చాచా కళ్ళు తెరిచి, "స్టీరింగ్ తిప్పినప్పుడల్ల పులి కరుస్తది పటేలా" అన్నాడు. ఆ మాటకు నేను నవ్వాను, సేటు కూడా నవ్వాడు, నాయిన నవ్వలేదు.

నాకు కావలసింది ఒక మూలన ఉంది. గుండ్రటి కర్రకు వరసగా తొడిగిన సాదా ఉంగరాలు. రాయి లేదు, అక్షరం లేదు, దేవుడి బొమ్మ లేదు. ఉత్త బంగారం, అంచులు నున్నగా అరగదీసి ఉన్నాయి. ఒకటి తీసి బొటనవేలితో లోపలంతా తడిమి చూశాను, ఎక్కడా గుచ్చుకోలేదు. చాచా వేలికి తొడిగితే చక్కగా దిగింది. దాన్ని చూస్తుంటే లోపలి నుంచి సంతోషం పొంగుకొచ్చింది. ఇదే, ఇదే అనిపించింది.

"గిది ఉంగరమా బిడ్డా, బోరు పైపుకేసే వాషరా?" అన్నాడు నాయిన.

నేను దాని మీంచి చూపు తిప్పలేదు, లేవనూ లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే గుణం నాకు వచ్చింది నాయిన నుంచే కదా, ఆ సంగతి ఆయనకూ తెలుసు. పులి వంక ఇంకోసారి ఆశగా చూసి, "సరే, కట్టియ్యి" అన్నాడు సేటుతో. ఉంగరం చిన్న డబ్బీలో నాయిన బనీను జేబులోకి చేరింది.

బస్టాండుకు వచ్చి షామీర్‌పేట బస్సు ఎక్కబోతే ముందు ఎక్కిన నాయిన మెట్టు మీదే ఆగిపోయాడు. స్టీరింగ్ దగ్గర అల్లుడు. దిగిపోదామంటే ఆయన చూసేశాడు. నాయిన ఒక్క పలకరింపుతో సరిపెట్టి చివరి సీటుకు పోయి కిటికీలోంచి ఊరిని మొదటిసారి చూస్తున్నట్టు చూడడం మొదలుపెట్టాడు. నేను డ్రైవర్ వెనక ఆడవాళ్ళ సీట్లో ఒదిగి కూర్చున్నాను. చాచా మాత్రం దర్జాగా పోయి ఆయన పక్కన ఇంజను మూత మీదే కూర్చున్నాడు.

ఊరు దాటుతుండగా రైలు గేటు పడింది. బస్సు ఆగింది. చాచా వెనక్కి తిరిగి నాకు కన్ను గీటి, వెండి ఉంగరం తీశాడు.

"గిది నాకు బిగుతైతాంది అల్లుడా. నీకు పడ్తదేమో సూడు."

అల్లుడు ఉంగరం తీసుకుని వేలికి పెట్టుకున్నాడు. అది వేలి కణుపు దాకా వచ్చి ఆగింది. తిప్పాడు, నొక్కాడు. ఊహూఁ.

"నాకు దిగుతలేదు చాచా."

చాచా ముఖం పాలిపోయింది. వెండి దిగకపోతే అదే కొలతకు తెచ్చిన బంగారమూ దిగదు. చివరి సీట్లో నాయిన లేచి నిలబడ్డాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు ఆయన చేయి బనీను జేబు మీదికి పోయింది. అద్దంలోంచి అల్లుడు అది చూశాడు. చాచా ముఖం చూశాడు. తర్వాత నన్ను చూశాడు. పెదవి చివర చిన్న నవ్వు వచ్చింది, వెంటనే దాచుకున్నాడు. ఆయనకు అంతా తెలిసిపోయింది.

వెనక్కి తిరిగి నా వైపు చేయి చాపాడు.

"నీ టికెట్ ఇయ్యి."

నాతో ఆయన మాట్లాడిన మొదటి మాట అదే. ఇచ్చాను. టికెట్‌ను పొడుగ్గా మడిచి, వేలి కణుపు మీదుగా చుట్టి, మిగిలింది చింపేసి, కొలత ముక్కను నా చేతిలో పెట్టాడు.

"ఎముక దాటాలె. గింత ఉంటే దిగుతది. మా ఇంట్ల చెప్పను తియ్."

ఇంత మంచితనం చూశాక నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "సాదాది తీసుకున్నం. రాయి లేదు. పర్వాలేదా?" అని అడిగేశాను.

"స్టీరింగ్‌కు తాకనిదే మంచిగుంటది" అన్నాడు.

రైలు పోయింది, గేటు లేచింది, బస్సు కదిలింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. బస్సులో ఉన్నవాళ్ళందరికీ ఈ మనిషి నావాడని చెప్పాలనిపించింది. కాసేపటికి ఇంకో భయం పట్టుకుంది. నా టికెట్ సగమే ఉంది, ఎవరైనా చెకింగుకు ఎక్కితే ఏం చెప్పాలి? పెళ్ళికొడుకు వేలికి చుట్టుకున్నాడని చెబితే నమ్ముతారా? అలియాబాద్ దాకా పిడికిలి బిగించుకునే కూర్చున్నాను.

దిగగానే నాయిన అడిగాడు. "ఏమన్నడు?"

"టికెట్ అడిగిండు."

"డ్రైవర్‌కు టికెట్ ఎందుకు?"

చాచా నవ్వు ఆపుకోలేక ఆపుకోలేక మొత్తం చెప్పాడు. నాయినకు కోపం వచ్చిందో, నిమ్మళం అయ్యిందో తెలియలేదు. మర్నాడు మాత్రం టికెట్ ముక్క జేబులో వేసుకుని పొద్దున్నే మేడ్చల్ పోయి ఉంగరం పెద్దది చేయించుకొచ్చాడు.

పందిట్లో ఆ ఉంగరం నూనె రాసినట్టు దిగింది. నాయిన సర్పంచ్‌గా గెలిచినవాడిలా చుట్టూ చూశాడు. అందరూ అయ్యో, ఇంత సాదాదా అన్నారు. ఎవరేమన్నా నాకు లెక్కలేదు. నా కళ్ళు దాని మీదే ఉన్నాయి. అది వేలి మీద నిలుస్తుందా, బీరువాలోకి పోతుందా అన్నదొక్కటే నా దిగులు.

ఆ గడియ రానే వచ్చింది. మేడ్చల్‌లో అత్తవారింట్లో పెళ్ళి చుట్టాలందరూ వెళ్ళిపోయాక, మా అత్త బీరువా తెరిచి నగలన్నీ సర్దడం మొదలుపెట్టింది. నా మెడలోవీ, చేతులవీ తీసి ఇచ్చాను. ఆయన ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ డ్యూటీకి తయారవుతున్నాడు. అత్త చేయి చాపింది.

"నీ ఉంగరం గూడ ఇటియ్యి కొడుకా, లోపల పెడ్త. డ్యూటీల ఏడనన్న పోతది."

పెద్దావిడ అడిగింది, ఇవ్వొద్దని నేనెట్లా అంటాను? కొత్తకోడలికి ఆ నోరెక్కడిది? ఆయన ఉంగరం పట్టుకుని తిప్పాడు, లాగాడు, పళ్ళు కూడా బిగించాడు.

"వస్తలేదమ్మా."

"సబ్బు పెట్టు."

"పెట్టి సూసిన. వస్తలేదు."

గంట కిందట నూతి దగ్గర ముఖం కడుక్కుంటూ ఆయన ఆ ఉంగరాన్ని అలవోకగా తీసి గట్టు మీద పెట్టడం, కడుక్కున్నాక మళ్ళీ తొడుక్కోవడం నేను కళ్ళారా చూశాను. నా వైపు చూడకుండా టోపీ తీసుకుని గబగబా బయటికి నడిచాడు.

అత్త నా వైపు తిరిగింది. "గంత ఇరుకు చేయించిన్రేంది మీవోళ్ళు?"

నాయిన అంతగా భయపడిన మాట అదే. నేను తల వంచుకున్నాను.

"అవునత్తమ్మా, కొలత తప్పింది" అన్నాను.