మొక్కుకు ముందు మందు

నా భార్య పోయిన నెల గుండెపోటుతో కన్నుమూసింది. కొత్తవాడలో ఆమె చర్మవ్యాధుల క్లినిక్ ఎప్పుడు తెరుస్తారని ఇంకా ఫోన్లు వస్తున్నాయి. అందరికీ ఒకేసారి చెప్పాలని ఇది రాస్తున్నాను.

పెళ్లిళ్లలో అందరూ నగలు చూస్తుంటే ఆమె కాలిగోళ్లు చూసేది. పచ్చబడి మందమెక్కిన గోరు కనబడితే ఆ మనిషిని పక్కకు పిలిచి చెప్పేది. మా ఇంట్లో ఎవరి తువాలు వారిదే, ఎవరి దువ్వెన వారిదే. కాలివేళ్ల సందులు తుడుచుకోకుండా సాక్సు వేసుకుంటే నాకూ చీవాట్లే. మందు మధ్యలో మానేసినవాళ్లతో ఒకటే మాట: "దురద పోయింది. తామర పోలే. ఇంకా మందు రాయి."

సాయంత్రాలు నేను పాఠాలు చెప్పే కాలేజీ నుంచి క్లినిక్‌కు వెళ్లి ఆమె కోసం ముందుగదిలో కూర్చునేవాణ్ణి. ఒకరోజు జంపఖానాలు నేసే ఇంటి కోడలు కూతుర్ని తెచ్చింది. పిల్ల తలకు స్కార్ఫు. విప్పితే గుండ్రంగా, పొట్టు లేచిన మచ్చలు; అక్కడ వెంట్రుకల్లేవు. తోటిపిల్లలు పక్కన కూర్చోవడం లేదని బడి మానేసిందట.

"ఎములాడ రాజన్న దేవునికి మొక్కు తీర్చలే డాక్టరమ్మా. గందుకే ఎంటికలు గుంజుకుంటాండు. ఐతారం పోయి గుండు కొట్టిస్తం. అందాక నూనె ఏదన్న రాసియ్యి."

"నూనెతోని పోదు చెల్లె. ఇది తలల తామర, వెంట్రుక లోపల పట్టింది. వారాల తరబడి గోళీలు మింగాలె. దీని మీద కత్తి పెడ్తవా?"

"మరి దేవుడు?"

"దేవుడు ఆగుతడు. తామర ఆగది."

"మా అత్త నన్ను సంపుతది."

"ఆమెను గూడ పట్కరా."

పిల్ల నోరు విప్పింది. "ఎంటికలు మల్ల వస్తయా? అబద్దం చెప్తలేవు గదా?"

"వస్తయి. మనం ఇయ్యాలనే కలిసినం, అప్పుడే అబద్దాలేందే?"

మర్నాడు ఆ అత్త జగడానికే వచ్చింది. ఇంట్లో అందరికీ ఒకటే తువాలని మాటల్లో తేలింది. చివరికి తన నడుం మీది తామర చూపించి, మందు రాయించుకుని వెళ్లింది.

వానాకాలం పోయేసరికి మచ్చల చోట జుట్టు నిండి, పిల్లకు మళ్లీ రెండు జడలు పడ్డాయి. బడికీ వెళ్లింది. అప్పుడు వేములవాడ వెళ్లి మొక్కు తీర్చుకున్నారు. తిరిగొచ్చి బస్సు దిగి నేరుగా క్లినిక్‌కే వచ్చారు.

"సూడు డాక్టరమ్మా, మొత్తం సాఫ్!" అని పిల్ల టోపీ తీసింది.

గంధం పూసిన గుండు. ఎక్కడా మచ్చ లేదు. నా భార్య నుదుటి నుంచి మెడ దాకా అరచేత్తో నెమ్మదిగా నిమిరింది. పిల్ల చక్కిలిగిలికి మెలికలు తిరిగింది.

ప్రతి రోగినీ చూశాక చేతులు కడుక్కునే మనిషి ఆ రోజు కడుక్కోలేదు. స్కూటర్ ఎక్కి నా భుజం మీద చెయ్యి వేసింది. ఇంటికొచ్చి చూసుకుంటే నా చొక్కా మీద నాలుగు వేళ్ల గంధం.