హాజరు పిలుపే పాఠం

విశాఖలో యూనివర్సిటీ పిల్లలకు మతాల పేపరు చెప్పే లెక్చరరు గంగాభవాని. గోదావరి జిల్లా మనిషి. ఎంత ప్రాణం పెట్టి చెప్పినా పిల్లలు హాయిగా కునుకు తీసేవారు. డెబ్బై తొమ్మిదిలో శాఖాధిపతి శ్రీరామ్మూర్తి గారు చల్లగా కబురు చెప్పారు.

"ఈ యేడూ ఇంతే అయితే, ఆ పేపరు ఎత్తివేయక తప్పదు భవాని గారూ."

ఆ పేపరే లోకంగా బతుకుతున్న మనిషికి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే క్లాసుకు వెళ్ళి హాజరు పిలుస్తూ, పద్మనాభం నుంచి బస్సులో వచ్చే సన్యాసిరాజు దగ్గర నోరు జారింది.

"మీ ఇంట్లో ఎవరైనా సన్యాసం పుచ్చుకున్నారా ఏమిటి?"

క్లాసంతా గొల్లుమంది. ఈ వైపు వీధికొకడికి సన్యాసి పేరుంటుందని ఆవిడకేం తెలుసు పాపం!

"సన్నాసం కాదండి మేడమ్. నా ముందు పుట్టినోలు దక్కలేదండి. ఇల్లొదిలీసినోడి పేరెడితే బిడ్డ మళ్ళీ ఇల్లొదల్డని మాయమ్మ మొక్కుకుందండి."

నవ్వులు ఆగిపోయాయి. నిద్రమొహాలన్నీ లేచి కూర్చున్నాయి. అది చూసి గంగాభవానికి ప్రాణం లేచొచ్చింది.

మర్నాటి నుంచి ఉపన్యాసాలు బంద్. హాజరు పిలుపే పాఠం. "ప్రెజెంట్" అంటే చాలదు. పేరెందుకు పెట్టారో ఇంట్లో అడిగి రావాలి, అలాంటి మొక్కు వేరే మతాల్లో ఎక్కడుందో లైబ్రరీలో వెతికి చెప్పాలి. పుస్తకాల కోసం పిల్లలు తగువులాడుకున్నారు.

హాజరుతోనే గంట గడిపేస్తోందని ఎవరో చాడీలు మోశారు. ఓ రోజు శ్రీరామ్మూర్తి గారు చెప్పాపెట్టకుండా వచ్చి ఆఖరి బెంచీలో కూర్చున్నారు. గంగాభవాని తగ్గలేదు. అందరి పేర్లూ అయ్యాక ఆయన్నీ పిలిచింది.

"శ్రీరామ్మూర్తి గారూ! మీకా పేరెందుకు పెట్టారండీ?"

ఆయన నెమ్మదిగా కళ్ళజోడు తీశారు.

"అది బళ్ళో మాస్టారు రాసిన పేరు. నా అసలు పేరు తవుడు."

పుస్తకాల తెలుగు తప్ప నోట రాని మనిషికి ఊరి మాట తన్నుకొచ్చింది.

"మాయమ్మ నన్ను పక్కింటి అసిరమ్మకిచ్చీసి, సేటడు తవుడిచ్చి మళ్ళీ కొనుక్కున్నాదర్రా! పరాయి బిడ్డనుకొని సావు ఎనక్కెలిపోనాది!"

గంట కొట్టారు. ఎవరూ లేవలేదు. ఆయనా ఆపలేదు.

ఆపై యేడు మతాల పేపరుకు బెంచీలు చాలక పిల్లలు కిటికీల్లో కూర్చున్నారు. గంగాభవాని గెలిచింది, తలెత్తుకుని గెలిచింది. శాఖాధిపతి గది ముందు కొత్త బోర్డు కూడా వెలిసింది: తవుడు శ్రీరామ్మూర్తి.