పేర్లు పడ్డాక వచ్చిన తల్లి

2023 ఎండాకాలం. శృంగవరపుకోటలో బస్టాండుకు దగ్గరగా ఉన్న ఒక పాత సినిమా హాలుకు నేను మేనేజర్ని. సింగిల్ స్క్రీన్ అంటారు మా వ్యాపారంలో. అంటే ఒకటే తెర, ఒకటే సినిమా, నచ్చకపోతే పక్క తెరకు పోదామనే వీల్లేని హాలు. మేనేజరంటే చల్లని గదిలో కూర్చుని సంతకాలు పెట్టేవాడనుకునేరు. ఫ్యాను తిరక్కపోతే తిట్లు నాకే, బాల్కనీలో ఎవరో ఈల వేస్తే ఫిర్యాదు నాకే, హీరో చచ్చిపోతే ఆ సినిమా నేనే తీసినట్టు నిలదీసేదీ నన్నే. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు కోపం ఎక్కువైంది గానీ జనం మీద ప్రేమ తగ్గలేదు. తిట్టడానికైనా నా గది దాకా వచ్చారంటే సినిమా వాళ్లకు ఎక్కడో తగిలిందన్నమాట.

ఆ వారం రావలసిన పెద్ద హీరో సినిమా ఒక వారం వాయిదా పడింది. హాలు ఖాళీగా ఉంచలేక ఒక డబ్బింగ్ బొమ్మ వేశాం. మంచు కురిసే దేశంలో పిల్లల్లేని భార్యాభర్తలు ఒక కంపెనీ నుంచి రోబో పిల్లను తెచ్చుకుంటారు. ఆ పిల్ల అమ్మా అని పిలుస్తుంది, అలుగుతుంది, పొద్దస్తమానం ప్రశ్నలడుగుతుంది. కొన్నాళ్లకు కంపెనీ నుంచి కబురొస్తుంది. ఈ రకం పిల్లల్లో లోపం ఉంది, ప్రశ్నలు మరీ ఎక్కువ అడుగుతున్నారు, అందరినీ వెనక్కి తెచ్చి అప్పగించమని. తల్లి ఏడుస్తూనే పిల్లను తీసుకెళ్లి కౌంటర్లో ఒప్పజెబుతుంది. గాజు తలుపు అవతలి నుంచి ఆ పిల్ల, "అమ్మా, మళ్లీ ఎప్పుడొస్తావు?" అని అడుగుతుంది. తల్లి జవాబు చెప్పదు. తెర నల్లబడి పేర్లు పడటం మొదలవుతుంది.

సినిమా అసలు పేరు మా ఊళ్లో ఎవరికీ నోరు తిరగలేదు. అందరూ మరబొమ్మ పిల్ల సినిమా అన్నారు. రెండో రోజుకే మా గేటు ముందున్న టీ బడ్డీ దగ్గర జనం పార్టీలుగా విడిపోయారు. ఎన్నికలప్పుడు కూడా అంత పట్టుదల నేను చూడలేదు.

"పెంచినన్నాళ్లూ పెంచి, కంపెనీవోడు అడగ్గానే సంచీ ఇచ్చినట్టు ఇచ్చీసింది. అదేటి తల్లి? రాకాసి!" అన్నాడు సన్యాసిరావు. ఆయన రిటైరైన బస్సు కండక్టరు, ఏ మాటైనా బస్సు వెనక సీటు దాకా వినపడేలా అంటాడు.

"నీకేటి తెలుసు బావా? తల్లంటే అదే తల్లి. నానైతే కళ్లు తుడుసుకోనేక సచ్చిపోనాను," అంది దాలమ్మ. మా గేటు దగ్గర ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు అమ్ముతుంది. ప్రతి సినిమా మొదటి రోజే చూస్తుంది. ఆవిడను టికెట్టు అడిగే ధైర్యం మా హాల్లో ఎవరికీ లేదు.

పక్కనే ఉన్న ఒక రైతు ఇద్దరినీ కొట్టిపారేశాడు. "ఇనప ముక్కకి ఏడుపేటి? నా ట్రాక్టరు సెడిపోతే ఎవలైనా ఏడ్సినారేటి?"

"నువ్వే ఏడ్సినావు కదరా, నిరుడు ఊడుపులప్పుడు," అంది దాలమ్మ. బడ్డీ దగ్గరున్న వాళ్లంతా గొల్లున నవ్వారు.

నేను మాత్రం లోపల్లోపల ఆశ్చర్యపోయాను. ఒకటే సినిమా, ఒకటే తల్లి. ఒకాయనకు రాకాసి, ఒకావిడకు దేవత. చూసేవాడి గుణాన్ని బట్టే సినిమా ఉంటుందని నా అసిస్టెంటుకు పెద్ద లెక్చరు కూడా ఇచ్చాను.

గురువారం పొద్దున్న గౌరి నా గదిలోకి వచ్చింది. మా కాంపౌండు గోడను ఆనుకుని ఆమెకూ భర్తకూ గాజులు, రిబ్బన్ల దుకాణం ఉంది. నన్ను బాబాయ్ అంటుంది. వాళ్ల కూతురు పావని అప్పుడు నాలుగో తరగతి. పావనిని కన్నది గౌరి అక్క, రామతీర్థంలో ఉంటుంది. చెల్లెలికి పిల్లల్లేరని, పొత్తిళ్లలో ఉండగానే తన మూడో ఆడపిల్లను తెచ్చి గౌరి ఒళ్లో పెట్టింది. ఇందులో దాపరికమేమీ లేదు. పావనికి గౌరి అమ్మ, అక్కడున్నావిడ రామతీర్థం అమ్మ. ఏటా వేసవి సెలవుల్లో గౌరే బస్సులో తీసుకెళ్లి పిల్లను అక్కడ దింపి, సెలవులయ్యే ముందు వెళ్లి తెచ్చుకుంటుంది.

ఆ పిల్ల సంగతి నాకు బాగా తెలుసు. బడి నుంచి రాగానే సంచీ దుకాణంలో పడేసి మా హాల్లోకి దూరేది. "తాతా, తెర ఎనకాల ఏటుంటాది? విలను మార్నింగ్ షోలో సచ్చిపోతే మ్యాట్నీకి ఎలగొస్తాడు?" అని నా ప్రాణం తోడేసేది. మా గేట్‌మన్ అప్పన్న చేతిలోంచి టికెట్లు లాక్కుని తనే చింపుతానని పేచీ పెట్టేది. ఆ పిల్ల గొంతు వినపడకపోతే మాకు ఆ రోజు హాలు మూసేసినట్టు ఉండేది.

"ఏటి బాబాయ్ ఆ సినిమా? ఎవలు తెమ్మన్నారు మిమ్మల్ని?" అని గుమ్మంలోంచే మొదలుపెట్టింది గౌరి.

"ఏటయ్యిందమ్మా?"

"ఆదివారం పిల్లని ఆ సినిమాకి తీసుకొచ్చినాం. ఆరోజు నుంచి అది అల్లరి సెయ్యట్నేదు."

నేను నవ్వాను. "మంచిదే కదా తల్లీ!"

"నవ్వకండి బాబాయ్." గౌరి కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఏటి పెడితే అది తింటంది. కాకరకాయ ఏసినా మాటాడదు. సదువుకోమంటే సదువుకుంటంది. ఒక్క ప్రశ్న అడగదు. నిన్న జడేస్తా అడిగినాను, ఏటే అలగున్నావని. 'నాలో లోపం నేదు కదమ్మా?' అనింది. రేపు రామతీర్థం తీసుకెళ్లాల. బేగు తనే సర్దుకుంది. ఉన్న బట్టలన్నీ పెట్టీసింది బాబాయ్. సలికాలం సొట్టరు కూడా పెట్టీసింది."

మే నెల ఎండలో స్వెట్టరు. నా నవ్వు ఎక్కడికక్కడ ఆగిపోయింది. నా గదిలో కుండ నీళ్లు తాగడానికి వచ్చిన దాలమ్మ గ్లాసు దించి ఇటు తిరిగింది.

"అదేటే గౌరీ, పిల్లకి ఇచ్చీసిందన్న మాటే తెలుసేటి? మళ్లీ ఒచ్చింది కదే తల్లి!" అంది.

"ఎక్కడొచ్చింది అత్తా? నా కళ్లతో సూసినాను. ఇచ్చీసి ఎల్లిపోనాది."

"పేర్లు పడ్డాక ఒచ్చింది."

ఇక్కడ మా పని పద్ధతి ఒకటి చెప్పాలి. సినిమా చివర్లో పనిచేసినవాళ్ల పేర్లు పడతాయి, ఎండ్ టైటిల్స్ అంటాం. మా ఊళ్లో వాటిని కూర్చుని చదివినవాడు పుట్టలేదు. మొదటి పేరు కనపడగానే అప్పన్న పక్క తలుపులన్నీ బార్లా తీసేస్తాడు, లైట్లు వెలుగుతాయి, ఫ్యాన్లు ఆగుతాయి. జనం కూడా అంతకుముందే లేచి ఉంటారు. ఒకరికి స్టాండులోంచి బండి తీసుకోవాలి, ఒకరికి బస్సు అందుకోవాలి. బయట తర్వాతి షో జనం గేటు మీద పడిపోతుంటారు. ఇది నేను చేరకముందు నుంచీ ఉన్న అలవాటు.

మరి దాలమ్మ? ఆవిడకు మోకాళ్ల నొప్పులు. తోపులాటలో దిగలేక, హాలు ఖాళీ అయ్యేదాకా కుర్చీలోంచి లేవదు. లైట్ల వెలుగులో వెలిసిపోయినట్టు కనపడే తెర మీద ఆ తర్వాతి సీను ఆవిడ చూసింది. అప్పుడు నాకు విషయం వెలిగింది. తల్లిని దేవత అన్నవాళ్లను ఒక్కొక్కర్నే గుర్తు చేసుకున్నాను. దాలమ్మ, కర్ర పట్టుకుని వచ్చే మాస్టారి భార్య, ఒళ్లో పాప నిద్రపోయిన ఒక కోడలు పిల్ల. అందరూ ఆలస్యంగా లేచినవాళ్లే. రాకాసి అన్నవాళ్లంతా బండ్లున్నవాళ్లు. గుణమూ లేదు, పాడూ లేదు. సగం ఊరు ఒక సినిమా చూసింది, సగం ఊరు ఇంకో సినిమా చూసింది, నేను మధ్యలో లెక్చరిచ్చాను.

ప్రొజెక్షన్ గదిలోకి వెళ్లి ఆపరేటర్ని అడిగాను. "ఉన్నాది సార్ సీను, పేర్లు సగం పడ్డాక," అన్నాడు. మరి చెప్పలేదేమని అరిస్తే, "తలుపులు తీసీసినాక ఎవలికి సెప్పాల?" అన్నాడు.

తిరిగి వచ్చి గౌరికి ఆ సీను ఉందని ఒట్టేసి చెప్పాను. ఇంటికెళ్లి పిల్లకు చెప్పమన్నాను.

"నాను సెప్తే సరే అంటాది బాబాయ్. ఇప్పుడేటి సెప్పినా సరే అంటంది. నమ్మి కాదు, నాకు కోపం రాకూడదని," అంది గౌరి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

చూపించాల్సిందే. కానీ ఆ రోజే చివరి రోజు. ఇప్పుడు సినిమా హార్డ్ డిస్కులో వస్తుంది, దాన్ని తెరవడానికి కేడీఎం అని కంప్యూటర్ తాళంచెవి ఒకటి పంపుతారు. ఆ తాళంచెవికి గడువుంటుంది. గడువు దాటితే తెర మీద చుక్క వెలుగు పడదు. శుక్రవారం నుంచి హీరో సినిమా. పోనీ ఆ ఒక్క ముక్కా విడిగా వేద్దామంటే, షో టైములో తప్ప వేయడానికి మాకు అనుమతి లేదు. అందుకని మ్యాట్నీ చివరికి పిల్లను తీసుకురమ్మన్నాను.

"మళ్లీ ఆ సినిమాకా? మళ్లీ ఆ తలుపు దగ్గర వొదిలీడం సూడాలా?" అని భయపడింది గౌరి. దాలమ్మే సర్దిచెప్పి ఒప్పించింది.

పావని వచ్చింది. నన్ను చూసి చేతులు కట్టుకుని నిలబడింది. "పోస్టరు కావాలేటే?" అన్నాను. "ఒద్దు తాతా," అంది. "టికెట్లు చింపుతావా?" అన్నాడు అప్పన్న. "ఒద్దు," అంది. అప్పన్న ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అంత బుద్ధిగా ఉన్న పావనిని నేనెప్పుడూ చూడలేదు.

"ఇయాల నాను సెప్పేదాకా తలుపు తియ్యకు, లైటు ఎయ్యకు," అన్నాను అప్పన్నతో.

"జనం నన్ను తన్నీగలరు బాబూ!"

"ముందు నన్ను తన్నమను." నేనే పెద్ద తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

గాజు తలుపు సీను వచ్చేసరికి పావని గౌరి చీర కుచ్చిళ్లు రెండు చేతులా పట్టుకుంది. తెర నల్లబడింది. పేర్లు మొదలయ్యాయి. కుర్చీలు టపటపా లేచాయి. "తలుపు తియ్యండ్రా బాబూ!", "కరెంటు పోనాదేటి?", "మేనేజరు నిద్దరపోతన్నాడేటి?" అని కేకలు. "కూకోండి, ఇంకా ఉన్నాది!" అని నేను చీకట్లోకి అరిచాను. అందరికంటే గట్టిగా దాలమ్మ అరిచింది. దాలమ్మ మాట అబద్ధమని తేల్చడానికే మళ్లీ వచ్చిన సన్యాసిరావు మాత్రం లేవకుండా కూర్చున్నాడు.

అప్పుడు పేర్లు ఆగిపోయి తెర తెల్లబడింది. అదే కౌంటరు. అదే తల్లి, నెత్తిన మంచు. పిల్లను ఒప్పజెప్పినప్పుడు ఇచ్చిన టోకెన్ని బల్ల మీద పెట్టింది. "ఈ పిల్లలో లోపం ఉందమ్మా," అన్నాడు కౌంటరులోని మనిషి. "తెలుసు. నా పిల్లను నాకివ్వండి," అంది తల్లి. గాజు తలుపు తెరుచుకుంది. పిల్ల వచ్చి చెయ్యి పట్టుకుని మొదట అన్న మాట ప్రశ్నే. "ఇంత ఆలస్యమైందేం?"

హాల్లో నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే ఉండిపోయారు. ముందుగా పావని గొంతు వినపడింది.

"అమ్మా, దానికి లోపం బాగుసేసినారా?"

"నేదు."

"మరెందుకు తీసుకెళ్లింది?"

"తన పిల్ల కాదేటే! లోపముంటే ఇంట్లోనే ఉంటాది. నీకు నేదేటి? నాకు నేదేటి?" అంది గౌరి.

పావని కుచ్చిళ్లు వదిలేసింది. "దానికి మంచులో సలెయ్యదా? బేటరీ అయిపోతే ఏటి తింటాది? తాతా, ఆ టోకెను పడిపోతే పిల్లనిస్తారా, ఇవ్వరా?" ఇక ఆగలేదు. అప్పన్న తలుపులు తీస్తూ నవ్వుతున్నాడు, మధ్యమధ్య కళ్లు తుడుచుకుంటున్నాడు. నాకూ కళ్లనీళ్లు ఆగలేదు, దాచుకోలేదు కూడా.

బయటికి వచ్చాక ఎండలో ఆగి, ఆ పిల్ల అసలు ప్రశ్న అడిగింది. "అమ్మా, రేపు నన్ను దింపీసి మళ్లీ ఏ బస్సుకొస్తావు?"

సినిమాలో తల్లి జవాబు చెప్పలేదు. గౌరి చెప్పింది. "బడి తెరిసే ముందు ఆదివారం, పొద్దున్న మొదటి బస్సుకి. సీటు దొరక్కపోతే నిలబడి వస్తాను."

"అయితే సొట్టరు తీసీనా?"

గౌరి తలూపి, పిల్లను అక్కడే దగ్గరికి లాక్కుంది.

సన్యాసిరావు మాత్రం పూర్తిగా లొంగలేదు. "వొచ్చింది, ఒప్పుకుంటాను. అసలు ముందు ఇచ్చీడమెందుకు?" అని టీ బడ్డీ దగ్గర మళ్లీ మొదలుపెట్టాడు. దాలమ్మ మళ్లీ ఎదురు వాదనకు దిగింది. ఒకే సినిమా మొత్తం చూశాక కూడా మనుషులు రెండుగా ఉంటారు, అది న్యాయమైన గొడవ. కానీ సగం చూపించి బయటికి తోలేసి, వాళ్ల గుణం గురించి మాట్లాడే హక్కు నాకు లేదని ఆ గురువారం తెలిసొచ్చింది. ఎవరికి ఏ సీను ప్రాణాధారమో తలుపు దగ్గర నిలబడ్డవాడికి తెలియదు. అందుకే చివరి పేరు దాకా అందరికీ తెర ఉండాలి.

ఆ వేసవి నుంచి మా హాల్లో తెర పూర్తిగా చీకటయ్యేదాకా తలుపులు తియ్యం. జనం ఇంకా గొణుగుతూనే ఉంటారు. మొన్న ఒక కొట్లాట సినిమాకు, విలన్ చచ్చి పేర్లు పడుతుంటే ఒక కుర్రాడు అప్పన్న మీదికి వచ్చాడు. "అయిపోనాది కదా మావా, ఇంకెవలొస్తారని మూసీసినావు?"

అప్పన్న తలుపుకు వీపు ఆన్చి నిలబడి నింపాదిగా అన్నాడు. "కూకో నాయనా. తల్లి రావొచ్చు."